టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు కలిపితే చివరి టిక్కీ ఒక్కటే వస్తోంది, ఫర్ లూప్‌లో తేడా ఎక్కడ?

మిర్చియార్డ్_అమ్మాయి (గుంటూరు)

అందరికీ నమస్తే. డిగ్రీ మొదటి సంవత్సరం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు. క్లాసులో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) అంటే 1 నుంచి 10 దాకా అంకెలు ప్రింట్ చేయించి ముందుకెళ్లిపోయారు, అంతవరకూ బాగానే ఉంది. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. కాటా చీటీలో టిక్కీల బరువులు వరసగా రాసుకొచ్చి రాత్రి ఇంట్లో కాలిక్యులేటర్ కొట్టుకుంటూ కూర్చుంటారు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచీ కొట్టాల్సిందే. ఇదేదో నేనే చేసిపెడదామని కూర్చున్నా. ఫోన్లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నా కాబట్టి కోడ్ కూడా పలికినట్టే రాశాను, ఏమనుకోకండి.

కాటా = [41.5, 43.0, 40.5, 42.0, 44.0]
ఫర్ బరువు ఇన్ కాటా:
    మొత్తం = 0
    మొత్తం = మొత్తం + బరువు
ప్రింట్(మొత్తం)

నాన్న చీటీలో 211 అని ఉంది. నాకు 44.0 వస్తోంది. ఎర్రర్ వస్తే అదేదో చదువుకుని సరిచేసుకునేదాన్ని, ఎర్రరే లేకుండా తప్పు జవాబు ఇస్తుంటే ఎక్కడని వెతకాలి?

కృష్ణలంక_కోడర్

మొత్తం = 0 లైను లూప్ పైకి తీసుకెళ్లు. అయిపోయింది.

మిర్చియార్డ్_అమ్మాయి

వచ్చింది! 211.0. థాంక్స్ అన్నా. కానీ ఎందుకు వచ్చిందో మాత్రం అర్థం కాలేదు, నాకు ఆ లైను పైనున్నా కిందున్నా సున్నాయే కదా అనిపిస్తోంది. ఇంకోటి, మొత్తం = మొత్తం + బరువు అనేది లెక్కల్లో అయితే కుదరదు కదా, రెండువైపులా మొత్తం కొట్టేస్తే బరువు సున్నా అవ్వాలి. మరి ఇక్కడెలా కుదురుతోంది?

బ్రాడీపేట_బాబాయ్

అమ్మాయ్, మంచి ప్రశ్న అడిగావు, పై తమ్ముడు మందు ఇచ్చాడు కానీ జబ్బేంటో చెప్పలేదు. సిస్టమ్ కట్టేసి ఒక తెల్ల కాగితం, పెన్ను తీసుకో. నిలువుగా మూడు గడులు గీసి పైన బరువు, పాత మొత్తం, కొత్త మొత్తం అని రాయి. ఇప్పుడు నువ్వే కంప్యూటర్‌వి. తెలివితేటలు వాడకూడదు, లైనులో ఏముంటే అదే చెయ్యాలి.

ముందు నీ పాత కోడ్. మొదటి టిక్కీ 41.5. మొదటి లైను మొత్తాన్ని సున్నా చెయ్యమంది, చేశావు. రెండో లైను కలపమంది, 0 + 41.5, మొత్తం 41.5. ఇంతవరకూ బాగుంది. రెండో టిక్కీ 43.0. లూప్ మళ్లీ పైకొచ్చింది, అంటే లోపలున్న మొదటి లైను మళ్లీ వచ్చింది, మొత్తాన్ని సున్నా చెయ్యమంది. 41.5 పోయింది. 0 + 43.0, మొత్తం 43.0. మూడో టిక్కీకి 40.5, నాలుగుకి 42.0, ఐదుకి 44.0. ఆ తర్వాత టిక్కీల్లేవు, బయటికొచ్చి ప్రింట్ చేసింది. నీ 44.0 అదే. ఆ కంప్యూటర్ ఐదుసార్లూ నువ్వు చెప్పిందే చేసింది.

ఇప్పుడు సరిచేసిన కోడ్ అదే కాగితం మీద: 0 + 41.5 = 41.5. 41.5 + 43.0 = 84.5. 84.5 + 40.5 = 125.0. 125.0 + 42.0 = 167.0. 167.0 + 44.0 = 211.0. పాత మొత్తం గడిలో ప్రతిసారీ పై వరసలోని కొత్త మొత్తమే దిగుతోంది, చూశావా. పాత కోడ్‌కి అదే గడిలో ఐదు సున్నాలుంటాయి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడు, నేను ఇంతకంటే చెప్పాల్సిందేమీ ఉండదు.

దీన్ని డ్రై రన్ అంటారు. ఇప్పటి పిల్లలు దీన్ని టైం వేస్ట్ అనుకుంటారు, నాకు మాత్రం లూప్ నేర్పడానికి ఇంతకంటే మంచి మార్గం కనిపించలేదు. వీడియోలు వంద చూసినా రాదు, ఒక్క లూప్‌ని చివరిదాకా చేత్తో తిప్పితే వస్తుంది.

ల్యాబ్_మేడమ్ (విజయవాడ)

బాబాయి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఆ రెండో ప్రశ్నకి నేను చెప్తానమ్మా. అక్కడున్న = గుర్తు మీ లెక్కల టీచర్ చెప్పిన సమానం కాదు. ముందు కుడివైపు లెక్క కట్టు, వచ్చిన జవాబు ఎడమవైపు పేరులో పెట్టు, అని ఆజ్ఞ. కుడివైపున్న మొత్తం పాతది, ఎడమవైపున్నది దానికి ఇకమీదట ఉండబోయే విలువ. రెండూ సమానమా అని అడగాలంటే రెండు గుర్తులు, == అని పెట్టాలి. సి భాష ల్యాబ్‌లో ప్రతి ఏడూ ఈ రెండింటి దగ్గరే సగం గంట పోతుంది. పైథాన్‌లో అయితే ఇఫ్ పక్కన పొరపాటున ఒక్క = పెడితే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. సి ఊరుకుంటుంది, మహా అయితే ఒక వార్నింగ్ ఇస్తుంది, ఇష్టమొచ్చినట్టు నడిచిపోతుంది.

తెనాలి_తిక్క

అమ్మాయి తెలుగులో కోడ్ రాసినందుకు సారీ చెప్పింది కానీ, మొత్తం, బరువు, కాటా అని వేరియబుల్ (విలువ దాచుకునే) పేర్లు నిజంగానే తెలుగు లిపిలో పెట్టొచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఫర్, ఇన్, ప్రింట్ లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. ఆఫీసులో అలా రాస్తే మేనేజర్ పిలిచి మాట్లాడతాడు, అది వేరే సంగతి.

పటమట_పిల్లోడు

ఇదే థ్రెడ్‌లో అడిగేస్తున్నా, కొత్తది తెరవడానికి బద్ధకం. రేంజ్(1, 10) అంటే 1 నుంచి 10 రావాలి కదా, 9 దగ్గర ఎందుకు ఆగుతుంది? మా సార్‌ని అడిగితే "అదంతే, గుర్తుపెట్టుకో" అన్నారు. గుర్తుపెట్టుకున్నా కానీ కడుపులో మంటగానే ఉంది.

కృష్ణలంక_కోడర్

బ్రో అదంతే, గుర్తుపెట్టుకో 😂

బ్రాడీపేట_బాబాయ్

అంతే కాదు, కారణముంది. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి కదా. ఒక్కో గేటు నంబరూ ప్రింట్ చెయ్యమని రేంజ్(1, 70) రాశావనుకో, 69 దగ్గర ఆగి 70వ గేటు వదిలేస్తుంది. రేంజ్(1, 71) రాయాలి. ఇది చూడగానే చిరాకేస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఇంకో వైపునుంచి చూడు. 71 లోంచి 1 తీసేస్తే 70, అంటే లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో తీసివేతతోనే తెలిసిపోతోంది. రెండు చివరలూ కలుపుకునే పద్ధతి అయితే తీసివేసి ఒకటి కలపాలి, ఆ ఒకటి దగ్గరే జనం బోల్తా పడతారు. ఇంకా, పనిని రెండు ముక్కలు చేశావనుకో, రేంజ్(1, 36) ఒకటి, రేంజ్(36, 71) ఒకటి. మొదటిది ఆగిన అంకెతోనే రెండోది మొదలైంది, ఏ గేటూ రెండుసార్లు రాదు, ఏదీ పోదు.

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అని నెదర్లాండ్స్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1982లో సరిగ్గా దీని మీదే చేత్తో ఒక చిన్న నోట్ రాశాడు. మొదటి అంకె కలుపుకుని చివరిది వదిలెయ్యడమే మేలని, లెక్క సున్నాతో మొదలుపెట్టడమే అందమని ఆయన వాదన. రేంజ్(70) అంటే 0 నుంచి 69, మొత్తం 70. లిస్టులో మొదటి వస్తువు నంబరు కూడా 0యే కాబట్టి రెండూ అతుకుతాయి.

పటమట_పిల్లోడు

ఓహో ముక్కలు చేసేటప్పుడు అతుకుతుందా. ఇది మా సార్ చెప్పి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. థాంక్స్ బాబాయ్.

మిర్చియార్డ్_అమ్మాయి

అయితే నేను ఇందాక ఇంకోలా ట్రై చేసినప్పుడు 169.5 వచ్చింది, అదీ ఇదేనా? ఫర్ ఐ ఇన్ రేంజ్(1, 5) అని పెట్టి కాటా[ఐ] కలిపాను.

బ్రాడీపేట_బాబాయ్

అదే. 211 లోంచి 169.5 తీసెయ్, 41.5 వస్తుంది. ఏ టిక్కీ అది? మొదటిది. దాని నంబరు 0, నువ్వు 1 నుంచి మొదలుపెట్టావు. జవాబు ఎంత తప్పిందో లెక్కకట్టు, ఏది తప్పిందో చాలాసార్లు ఆ తేడాయే చెప్తుంది. గుమస్తాగారి అమ్మాయివి, ఇది నీకు నేను చెప్పాలా, మీ నాన్నగారు చీటీలో తేడా వస్తే చేసేదీ ఇదే.

ల్యాబ్_మేడమ్

లెక్క తప్పడం అంటే గుర్తొచ్చింది. మా దగ్గర ఇంకా టర్బో సి అనే పాతకాలం సి సాఫ్ట్‌వేర్ ఉంది (నవ్వకండి, చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఆ నీలం స్క్రీనే). ఫాక్టోరియల్ ప్రోగ్రామ్ రాయిస్తాం, 1 నుంచి ఎన్ దాకా గుణిస్తూ పోవాలి. 5 ఇస్తే 120, 7 ఇస్తే 5040, పిల్లలు సంబరపడతారు. 8 ఇస్తే 40320 బదులు -25216 వస్తుంది. "మేడమ్ లూప్ తప్పింది" అని లూపంతా చెరిపేసి మళ్లీ రాస్తారు. లూప్‌లో ఏ తప్పూ లేదు. టర్బో సిలో ఇంట్ (పూర్ణసంఖ్య దాచుకునే చోటు) అంటే 16 బిట్లు, 32767 దాటితే అందులో పట్టదు, చుట్టుతిరిగి రుణ సంఖ్యల్లోకి పోతుంది. 40320 లోంచి 65536 తీసేస్తే -25216, సరిగ్గా అదే. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకి ఆ హద్దు లేదు, 100 ఫాక్టోరియల్ అడిగినా మొత్తం 158 అంకెలూ చూపిస్తుంది.

ఇంకో క్లాసిక్: ఫర్ బ్రాకెట్ మూసిన వెంటనే సెమికోలన్ పెట్టెయ్యడం. ఐ=1 నుంచి ఐ<=10 దాకా ప్రింట్ చెయ్యమంటే స్క్రీన్ మీద ఒక్క 11 కనపడుతుంది. ఆ సెమికోలనే లూప్‌కి శరీరం అయిపోయింది, అది పదిసార్లు ఏమీ చెయ్యకుండా తిరిగింది, ఐ 11 అయ్యాక బయటున్న ప్రింట్ ఒక్కసారి నడిచింది.

కృష్ణలంక_కోడర్

మేడమ్ మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఈ రోజుల్లో టర్బో సి నేర్పడం పిల్లల్ని ఏడిపించడమే. సెమికోలన్, 16 బిట్లు, ఇవన్నీ లూప్ నేర్చుకోవడానికి అడ్డు. పైథాన్‌లో ఫర్ బరువు ఇన్ కాటా అంటే చదివితేనే అర్థమవుతుంది. ఇంకా ఆ నక్షత్రాల పిరమిడ్లు! జీవితంలో ఎవడైనా ఉద్యోగంలో పిరమిడ్ ప్రింట్ చేశాడా?

ల్యాబ్_మేడమ్

టర్బో సి గురించి నీతో గొడవలేదు బాబూ, సిలబస్ నేను రాయలేదు, మా హెచ్‌ఓడీతో నేనూ అదే అంటాను. పిరమిడ్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. ఐదు వరసల పిరమిడ్‌లో 'ఐ' అనే నంబరు వరసలో ఎన్ని ఖాళీలు, ఎన్ని నక్షత్రాలు? 5 - ఐ ఖాళీలు, 2 × ఐ - 1 నక్షత్రాలు. ఆ సూత్రాన్ని పిల్ల తనంతట తాను కనిపెట్టిందంటే, లూప్ తిరిగేకొద్దీ ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అన్నది పట్టుకుందన్నమాట. నేను చూసేది దాన్నే, నక్షత్రాలని కాదు. పది పిరమిడ్లు బట్టీపట్టించి పరీక్షలో పదకొండోది అడగడం దండగ అంటే మాత్రం నేనూ నీతోనే.

కృష్ణలంక_కోడర్

సరే మేడమ్, బట్టీ లేకపోతే ఓకే. ఒక పిరమిడ్ చాలు, పది వద్దు.

పటమట_పిల్లోడు

నాకు లూప్ లోపల లూప్ వస్తే బుర్ర ఆగిపోతోంది. ఏది ముందు తిరుగుతుందో తెలియట్లేదు. పిరమిడ్ దాకా రాలేదు ఇంకా.

బ్రాడీపేట_బాబాయ్

దీనికి మా పేటే పనికొస్తుంది. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట అడ్రసులు ఎప్పుడైనా చూశావా, 4/14 అని ఉంటుంది. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని. కొత్తగా వచ్చినవాళ్లు ఇంటి నంబరేమో అనుకుంటారు. పోస్ట్‌మ్యాన్ మొదటి లైనులోకి దిగాడంటే దాని అడ్డరోడ్లన్నీ చివరిదాకా చూసుకునే రెండో లైనుకి వెళ్తాడు, రెండో లైనులో మళ్లీ మొదటి అడ్డరోడ్డు నుంచి మొదలు. మూడు లైన్లు, నాలుగు అడ్డరోడ్లే ఉన్నాయనుకుందాం:

ఫర్ లైను ఇన్ రేంజ్(1, 4):
    ఫర్ అడ్డరోడ్డు ఇన్ రేంజ్(1, 5):
        ప్రింట్(లైను, "/", అడ్డరోడ్డు)

1/1, 1/2, 1/3, 1/4, ఆ తర్వాత 2/1. బయటి లూప్ ఒక్క అడుగు వేసేలోపు లోపలిది పూర్తిగా ఒక చుట్టు తిరిగొస్తుంది. మొత్తం 12 అడ్రసులు ప్రింటవుతాయి. ఇప్పుడు లోపల, ప్రింట్‌కి పైన, అడ్డరోడ్డు 3 అయితే బ్రేక్ అని పెట్టి ఏమొస్తుందో కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు. సిస్టమ్‌లో కొట్టకుండా.

పటమట_పిల్లోడు

1/1, 1/2 వచ్చి ఆగిపోతుంది?

బ్రాడీపేట_బాబాయ్

ఆగదు. బ్రేక్ తనున్న లూప్‌ని మాత్రమే తెంచుతుంది, లోపలిదాన్ని. బయటి లూప్ మామూలుగా రెండో లైనుకి వెళ్తుంది. 1/1, 1/2, 2/1, 2/2, 3/1, 3/2, మొత్తం ఆరు. బ్రేక్ బదులు కంటిన్యూ పెడితే? 3వది ఒక్కటే వదిలి 4కి పోతుంది, తొమ్మిది వస్తాయి. ఇప్పుడు వెళ్లి సిస్టమ్‌లో కొట్టి చూడు.

మిర్చియార్డ్_అమ్మాయి

నాన్నకి చూపించాను. బాగుంది కానీ రోజూ కోడ్‌లోకి వెళ్లి లిస్టు మార్చాలా అన్నారు. న్యాయమే. అందుకని బరువులు ఒక్కోటీ టైప్ చేస్తూ పోవాలి, 0 కొడితే ఆగిపోయి మొత్తం చూపించాలి అని వైల్ (షరతు నిజమైనంతసేపూ తిరిగే లూప్) పెట్టాను. 41.5 కొట్టి ఎంటర్ నొక్కగానే స్క్రీన్ నిండా అంకెలు పరిగెడుతున్నాయి, ఆగట్లేదు, ఫ్యాన్ గుయ్‌మంటోంది. భయమేసి పవర్ బటన్ నొక్కేశా.

మొత్తం = 0
బరువు = ఫ్లోట్(ఇన్‌పుట్())
వైల్ బరువు != 0:
    మొత్తం = మొత్తం + బరువు
    ప్రింట్(మొత్తం)

నైట్‌షిఫ్ట్_నాని

పవర్ బటన్ వద్దు తల్లీ, కంట్రోల్ నొక్కిపట్టుకుని సి కొడితే ఆగుతుంది. సిస్టమ్‌కి ఏం కాదు, భయపడకు.

ఆ పరిగెత్తే అంకెల్లో మొదటి నాలుగూ 41.5, 83.0, 124.5, 166.0 అయ్యుండాలి. ప్రతిసారీ 41.5 పెరుగుతోంది, అంటే అదే టిక్కీని మళ్లీ మళ్లీ కాటా మీద పెడుతోంది. నువ్వు రెండో బరువు అడిగే లైను లూప్‌లో ఎక్కడుంది? లేదు. బరువు ఎప్పటికీ 41.5యే, 41.5 ఎప్పటికీ సున్నా కాదు, ఇక ఆగేదెప్పుడు? లూప్ లోపల చివర బరువు = ఫ్లోట్(ఇన్‌పుట్()) మళ్లీ పెట్టు.

ఫర్‌కీ వైల్‌కీ నాకు తెలిసిన అసలు తేడా ఇదే. ఫర్‌లో తర్వాతి వస్తువు అదే తెచ్చిపెడుతుంది. వైల్‌లో ఏ విలువ మీద ఆగడం ఆధారపడి ఉందో దాన్ని మార్చే బాధ్యత నీది. వైల్ రాసిన ప్రతిసారీ నేను మొదట చూసేది, లోపలున్న అన్ని దారుల్లోనూ ఆ విలువ మారుతోందా అని.

అన్ని దారుల్లో అని ఎందుకన్నానంటే, పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల జూన్ అని పాటలు వినే పరికరం ఉండేది. 2008 డిసెంబర్ 31న అందులో 30 జీబీ మోడల్ ఉన్నవాళ్లందరికీ ఒకేసారి బిగుసుకుపోయింది. లోపల రోజుల లెక్కని సంవత్సరంగా మార్చే ఒక వైల్ లూప్ ఉంది. రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపూ తిరుగుతుంది. మామూలు సంవత్సరమైతే 365 తీసేసి సంవత్సరాన్ని ఒకటి పెంచుతుంది. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉంటేనే 366 తీసేస్తుంది. 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 అంటే సరిగ్గా 366వ రోజు. 365 కంటే ఎక్కువే, కాబట్టి లూప్‌లోకి వచ్చింది. 366 కంటే ఎక్కువ కాదు, కాబట్టి ఏమీ తీసెయ్యలేదు. ఏమీ మారకుండా మళ్లీ పైకి. అలా తిరుగుతూనే ఉంది. వాళ్లిచ్చిన పరిష్కారమేంటో తెలుసా, ఛార్జింగ్ పూర్తిగా అయిపోనివ్వండి, జనవరి 1 మధ్యాహ్నం దాటాక మళ్లీ ఛార్జ్ చేసి ఆన్ చెయ్యండి అని.

నేను టెస్టర్ని కాబట్టి ఈ కథ ఎవరు దొరికినా చెప్తుంటా. 365, 366, 367, ఈ మూడు అంకెలూ ఇచ్చి ఒక్కసారి తిప్పి చూసుంటే దొరికేది.

తెనాలి_తిక్క

అంటే ఆ పరికరం కొత్త సంవత్సరం పార్టీకి పాటలు పెట్టనంది. పాపం.

మిర్చియార్డ్_అమ్మాయి

నాని అన్నా, సరిగ్గా అవే అంకెలు! 166 దాటాక ఇక కనపడలేదు అంత స్పీడు. ఇన్‌పుట్ లోపల పెట్టాక ఆగుతోంది. నాన్న 0 బదులు ఉత్త ఎంటర్ నొక్కితే ఎర్రర్ వస్తోంది కానీ అది తర్వాత చూసుకుంటా.

కృష్ణలంక_కోడర్

!= (సమానం కాదు) తో ఫ్లోట్లు (దశాంశ సంఖ్యలు) పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఇక్కడ 0 నువ్వే టైప్ చేస్తున్నావు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఎక్స్ = 0 తో మొదలుపెట్టి ప్రతి చుట్టులో 0.1 కలుపుతూ, వైల్ ఎక్స్ != 1.0 అని రాసి చూడు, ఎప్పటికీ ఆగదు. 0.1 ని పదిసార్లు అలా కలిపితే పైథాన్‌లో వచ్చేది 0.9999999999999999. కంప్యూటర్ దాచుకునేది బైనరీలో, 0.1 అందులో కచ్చితంగా ఇమడదు. నీ బరువులన్నీ అరకిలోలే, 0.5 బైనరీలో కచ్చితంగా ఇముడుతుంది, అందుకే 211.0 శుభ్రంగా వచ్చింది. కాటా మీద 41.3 లాంటివి మొదలైతే గ్రాముల్లోకి మార్చి పూర్ణసంఖ్యల్లో కలుపు. డబ్బు అయితే పైసల్లో.

బ్రాడీపేట_బాబాయ్

తమ్ముడు ఈసారి జబ్బు కూడా చెప్పాడు.

మిర్చియార్డ్_అమ్మాయి

ఇంకో డౌట్, ఇదే ఆఖరు (ఆఖరు కాదు). తాలు (నాసిరకం) కాయల టిక్కీలకి రేటు వేరే కాబట్టి వాటిని లిస్టులోంచి తీసేసి మిగతావి లెక్కకట్టాలి. రకం = ["తేజ", "తాలు", "తాలు", "తేజ"] అని పెట్టుకుని, ఫర్ తో ఒక్కోటీ చూస్తూ తాలు అయితే రిమూవ్ చేస్తున్నా. రెండు తాలు పోవాలి, ఒకటే పోతోంది. అదీ పక్కపక్కన ఉన్నప్పుడు మాత్రమే.

ల్యాబ్_మేడమ్

పక్కపక్కన ఉన్నప్పుడు మాత్రమే అని గమనించావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. బాబాయి గారి కాగితం మళ్లీ తియ్యి. లూప్ లోపల ఒక స్థానం లెక్క నడుస్తుంటుంది. 0వ స్థానంలో తేజ, వదిలేసింది. 1వ స్థానంలో తాలు, తీసేశావు. తీసెయ్యగానే వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకి జరిగాయి, రెండో తాలు ఇప్పుడు 1వ స్థానంలోకి వచ్చింది. లూప్‌కి ఆ సంగతి తెలియదు, తను 2వ స్థానానికి వెళ్లింది, అక్కడ తేజ ఉంది. జరిగొచ్చిన తాలుని అది చూడనే లేదు.

తిరుగుతున్న లిస్టునే కొయ్యకూడదు. ఖాళీ లిస్టు ఒకటి పెట్టుకుని, తాలు కానివాటిని అందులోకి అపెండ్ చేస్తూ (చివర చేరుస్తూ) పో. పాతది అలాగే ఉంటుంది, రేపు తాలు లెక్క విడిగా కావాలన్నా ఉంటుంది.

మిర్చియార్డ్_అమ్మాయి

చేశాను మేడమ్, వస్తోంది. అసలు తీసెయ్యకుండా ఒకే లూప్‌లో ఇఫ్ పెట్టి, తేజ_మొత్తం, తాలు_మొత్తం అని రెండిట్లోకి వేర్వేరుగా కలుపుకుంటే సరిపోతుంది కదా అని కూడా తట్టింది, అదీ పనిచేస్తోంది. దేంతో ఉంచాలి?

ల్యాబ్_మేడమ్

రెండోదే ఉంచు, ఈ పనికి అదే తేలిక.

మిర్చియార్డ్_అమ్మాయి

సరే మేడమ్. ఇప్పుడు నాన్న చూసి గోనెసంచి బరువు తియ్యలేదేంటి అన్నారు. టిక్కీకి కిలో అనుకుంటే, - 1 లూప్ లోపల పెట్టాలా, బయట పెట్టాలా?

కృష్ణలంక_కోడర్

బయట. 211 - టిక్కీల సంఖ్య. ఒక్క లైను, లూప్ ముట్టుకోనక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నాని

టిక్కీల సంఖ్యతో అయితే సరే. అది మర్చిపోయి బయట ఉత్త - 1 పెడితే మొత్తానికి ఒకే సంచి తీసినట్టు, 210 వస్తుంది, కొనేవాడు ఊరుకోడు. రెండు పద్ధతులకీ జవాబు 206యే. కానీ రేపు ఒక టిక్కీకి పెద్ద సంచి, ఒకదానికి చిన్న సంచి వచ్చిందనుకో, బయటి లైను పనికిరాదు, లోపలిదైతే ఆ టిక్కీ దగ్గరే మార్చుకోవచ్చు. నేనైతే లోపల పెడతా. వైల్ ఇప్పుడు ఇలా ఉండాలి:

వైల్ బరువు != 0:
    మొత్తం = మొత్తం + (బరువు - సంచి)
    బరువు = ఫ్లోట్(ఇన్‌పుట్())

సంచి = 1 అని పైన, లూప్ బయట. ఒక్క టిక్కీతో, ఐదు టిక్కీలతో, అసలు టిక్కీలే లేకుండా మొదటే 0 కొట్టి, మూడు రకాలుగానూ నడిపి చూసి నాన్నగారికి ఇవ్వు.

మిర్చియార్డ్_అమ్మాయి

40.5, 206.0, 0. మూడూ సరిగ్గానే వచ్చాయి. మూడోదానికి 0.0 రాకుండా ఉత్త 0 వచ్చింది, అది ఎందుకో నేనే చెప్తా: ఆ లూప్ ఒక్కసారి కూడా తిరగలేదు, పైన పెట్టిన 0 అలాగే ఉండిపోయింది.